అంటువ్యాధుల పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏదో ఒక అంటువ్యాధి వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు వినిపిస్తాయి. అడిగేవాళ్లలో భయపడినవాళ్లుంటారు, అనుమానం ఉన్నవాళ్లుంటారు, ఊరికే తెలుసుకుందామనుకునేవాళ్లూ ఉంటారు. ఎవరు అడిగినా అవి అడగదగ్గ ప్రశ్నలే. జవాబులు చదివేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ రంగంలో ఎవరు ఏం చెప్పినా మనం తిరిగి అడగాల్సింది ఇదే: "దేనితో పోల్చి చెబుతున్నారు?"

డాక్టరు చేసే పనికీ ప్రజారోగ్య పరిశోధకులు చేసే పనికీ తేడా ఏమిటి?

డాక్టరు ముందు ఒక రోగి ఉంటారు. ఆ మనిషికి ఏమైంది, ఎలా తగ్గించాలి అన్నది డాక్టరు పని. పరిశోధకుల ముందు జబ్బు వచ్చినవాళ్లూ ఉంటారు, రానివాళ్లూ ఉంటారు. రానివాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవడమే అసలు తేడా. వంద మంది రోగులూ ఒకే విందులో భోంచేశారని తెలిస్తే అనుమానం విందు మీదకు పోతుంది. కానీ అదే విందులో తిన్న మరో ఐదొందల మందికి ఏమీ కాలేదంటే, వాళ్లకూ వీళ్లకూ తేడా ఏమిటో వెతకాలి.

ఒకచోట అకస్మాత్తుగా జబ్బు వ్యాపిస్తే మొదట ఏం చేస్తారు?

మొదట "కేసు" అంటే ఏమిటో రాసుకుంటారు. ఫలానా తేదీ తర్వాత, ఫలానా ప్రాంతంలో, ఈ ఈ లక్షణాలతో ఉన్నవాళ్లు అని. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఇక్కడ తప్పు జరిగితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. ఆ తర్వాత ఎవరికి వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్న మూడూ ఇంటింటికీ తిరిగి నమోదు చేస్తారు. తేదీల వారీగా కేసులను గీస్తే ఆ గీతే చాలా చెబుతుంది. ఒక్కసారిగా పైకి లేచి పడిపోతే అందరికీ ఒకేచోట అంటుకుని ఉంటుంది. అలలు అలలుగా పెరుగుతుంటే మనిషి నుంచి మనిషికి పాకుతోందని అనుమానించాలి.

ఈ పద్ధతికి దారి చూపినవారిలో లండన్ డాక్టరు జాన్ స్నో ఒకరు. 1854 ఆగస్టు చివర్లో బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా వచ్చి కొద్ది రోజుల్లోనే వందల మంది చనిపోయారు. చెడు గాలి వల్ల కలరా వస్తుందని అప్పట్లో నమ్మేవారు. స్నో చనిపోయినవాళ్ల ఇళ్లను గుర్తించుకుంటూ పోతే అవి ఒక చేతిపంపు చుట్టూ పోగుపడ్డాయి. అయితే ఆయన గొప్పతనం నాకు మ్యాపు కన్నా ఎక్కువగా మరోచోట కనిపిస్తుంది. లెక్కకు పొసగని వాళ్ల గురించి ఆయన అడిగారు. ఆ వీధిలోనే ఉన్న బీరు తయారీ కేంద్రంలో 70 మందికి పైగా కూలీలు పనిచేసేవారు, వాళ్లలో ఒక్కరూ కలరాతో చనిపోలేదు. వాళ్లకు సొంత బావి ఉంది, పైగా ఎక్కువగా బీరే తాగేవారు. దగ్గర్లోని పేదల శరణాలయంలో 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే. అక్కడా సొంత బావే. మరోవైపు ఎంతో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక పెద్దావిడ కలరాతో చనిపోయారు. ఆరా తీస్తే, ఆ పంపు నీళ్ల రుచి ఇష్టమై రోజూ ఒక సీసా తెప్పించుకునేవారట. గాలి ఒకటే అయినా నీళ్లు వేరైన చోట ఫలితం మారింది. నీళ్లు ఒకటే అయితే దూరం కూడా కాపాడలేదు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు. జనం అప్పటికే చాలావరకు ఊరొదిలి పోయారు కాబట్టి జబ్బు ముందే తగ్గుముఖం పట్టి ఉండవచ్చని స్నో స్వయంగా రాశారు. తన వాదనకు బలం తగ్గించే మాటను కూడా దాచకపోవడం నాకు ఆయన మీద గౌరవం పెంచింది.

ఫలానా క్రిమి వల్లే ఫలానా జబ్బు వస్తుందని ఎలా తేలుస్తారు?

రోగిలో క్రిమి కనిపించినంత మాత్రాన అదే కారణమని అనలేం. ఊరికే అక్కడ ఉండి ఉండవచ్చు. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని చూపించినప్పుడు, దాన్ని రోగి నుంచి తీసి, విడిగా పెంచి, జంతువులకు ఎక్కించి, వాటికీ అదే జబ్బు వస్తుందని నిరూపించారు. మలేరియా విషయంలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుక్కున్నారు. కానీ దోమ కాటుతోనే అది మరో ప్రాణికి చేరుతుందని చూపడానికి ఆయనకు మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద చేసిన ప్రయోగాలు కావాల్సి వచ్చాయి.

కడుపులో పుండ్లకు కారణం టెన్షన్, కారం అని చాలాకాలం అనుకున్నారు. రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను అనుమానించారు. ఎవరూ నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ బాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగారు. కొద్ది రోజుల్లో కడుపు లోపలి పొర వాచింది. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవచ్చు గానీ, ఒక్క మనిషి మీద ప్రయోగంతో విషయం తేలిపోలేదు. ఆ బాక్టీరియాను మందులతో చంపితే పుండ్లు మళ్లీ రావడం బాగా తగ్గుతుందని చాలామంది రోగులను పోల్చి చూశాకే అందరూ ఒప్పుకున్నారు.

ఒక మందు వాడి చాలామందికి తగ్గింది కదా, ఇంకా ట్రయల్ దేనికి?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. చాలా అంటువ్యాధులు మందు వేసినా వేయకపోయినా ఎక్కువమందికి తగ్గిపోతాయి. వంద మందిలో 97 మందికి వాటంతటవే తగ్గే జబ్బుకు పసుపు నీళ్లిచ్చినా 97 మంది "దానివల్లే తగ్గింది" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మందు లేకపోతే ఏమై ఉండేదో వాళ్లకు తెలిసే దారి లేదు, అంతే.

ఆ దారి కోసమే ట్రయల్. రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఆ మందు ఇచ్చి, రెండిటినీ పోలుస్తారు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ వేసినట్టు నిర్ణయిస్తారు. డాక్టరు ఎంచితే తెలియకుండానే కాస్త బాగున్నవాళ్లను కొత్త మందు వైపు పంపవచ్చు. 1948లో ఫలితాలు వచ్చిన, బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ మీద జరిగిన ట్రయల్ దీనికి పునాది లాంటిది. మందు ఇచ్చిన 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు చనిపోయారు. మంచం మీద విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది చనిపోయారు. మందు పనిచేస్తుందని తేలింది. అదే ట్రయల్ ఇంకో చేదు నిజం కూడా చూపించింది. చాలామంది రోగుల్లో క్రిమి ఆ మందుకు లొంగకుండా మారిపోయింది, కాలం గడిచేకొద్దీ రెండు గుంపుల మధ్య తేడా బాగా తగ్గిపోయింది. క్షయకు ఈరోజు ఒకేసారి కొన్ని మందులు కలిపి ఇవ్వడానికి కారణం ఆ అనుభవమే.

2020లో కోవిడ్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు పనిచేస్తుందని ఎంతమంది ఎంత గట్టిగా చెప్పారో గుర్తుండే ఉంటుంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో ఆ మందు ఇచ్చినవాళ్లలో 28 రోజుల్లో 27 శాతం మంది చనిపోతే, ఇవ్వనివాళ్లలో 25 శాతం మంది చనిపోయారు. మేలు లేదని తేలింది. ఎప్పటినుంచో ఉన్న డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ మాత్రం అదే ట్రయల్‌లో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను 41 శాతం నుంచి 29 శాతానికి తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేని రోగుల్లో దానివల్ల మేలు కనిపించలేదు. మందు ఒకటే, జబ్బు ఒకటే, అయినా ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది అనుభవం ఒక్కదానితో తేలే విషయం కాదు.

సగం మందికి డమ్మీ మందు ఇవ్వడం అన్యాయం కాదా?

డమ్మీ అంటే చూడ్డానికి మందులాగే ఉండి, లోపల మందు లేనిది. పనిచేస్తుందని తెలిసిన మందును దాచిపెట్టి డమ్మీ ఇస్తే అది అన్యాయమే. అలా ఇవ్వడానికి వీల్లేదు. అప్పటికే మంచి చికిత్స ఉంటే కొత్తదాన్ని దానితోనే పోల్చాలి. కొత్త మందు మంచిదో కాదో ఎవరికీ నిజంగా తెలియనప్పుడే అలా విడదీయడం సబబు. 2015లో గినీలో ఎబోలా టీకాను పరీక్షించినప్పుడు డమ్మీ వాడనే లేదు. రోగి చుట్టూ ఉన్నవాళ్లను గుంపులుగా తీసుకుని కొన్ని గుంపులకు వెంటనే, కొన్నింటికి 21 రోజుల తర్వాత టీకా వేశారు. వెంటనే వేసుకున్నవాళ్లలో పది రోజుల తర్వాత ఒక్క కేసూ రాలేదు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదని కూడా ఒప్పుకోవాలి. అమెరికాలోని అలబామాలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు నిజం చెప్పకుండా, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. టస్కెగీ అధ్యయనం అంటారు దాన్ని. వార్త పత్రికలకెక్కాకే అది ఆగింది. పరిశోధన న్యాయంగా జరుగుతోందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ, రాతపూర్వక అంగీకారం, ఎప్పుడైనా తప్పుకునే హక్కు... ఇవన్నీ ఇలాంటి దారుణాల తర్వాత మనుషులు పోరాడి తెచ్చుకున్న రక్షణలు.

నన్ను ట్రయల్‌లో చేరమంటున్నారు. ఏమేం అడగాలి?

నాకు జరగగల హాని ఏమిటి? చేరకపోతే నాకు దొరికే చికిత్స ఏమిటి? ఏదైనా నష్టం జరిగితే ఖర్చు ఎవరు భరిస్తారు? మధ్యలో మానేస్తే నా వైద్యం ఆగిపోతుందా? నా రక్తం శాంపిల్‌తో తర్వాత ఇంకేం చేస్తారు? అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ మీకివ్వాలి. ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకుంటానంటే ఒప్పుకోని చోట సంతకం పెట్టకండి.

టీకా 95 శాతం పనిచేస్తుందంటే మిగతా ఐదుగురికి జబ్బు వస్తుందనా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. 2020లో ఫైజర్ కోవిడ్ టీకా ట్రయల్‌లో దాదాపు సమాన సంఖ్యలో ఉన్న రెండు గుంపులను పోల్చారు. డమ్మీ సూది వేసుకున్నవాళ్లలో 162 మందికి, టీకా వేసుకున్నవాళ్లలో ఎనిమిది మందికి జబ్బు వచ్చింది. 162తో పోలిస్తే ఎనిమిది అంటే 95 శాతం తక్కువ. టీకా లేనివాళ్లలో ఎంతమందికి వచ్చేదో దానితో పోల్చి చెప్పే లెక్క అది. క్రిమి మారినా, నెలలు గడిచినా ఆ అంకె మారుతుంది. అలా తగ్గడం చూసి మొదటి లెక్క అబద్ధమనుకోకూడదు.

జబ్బు పడ్డవాళ్లలో ఎక్కువమంది టీకా వేసుకున్నవాళ్లే అని చదివాను. అంటే టీకా దండగా?

వెయ్యి మంది ఉన్నారనుకుందాం. 900 మంది టీకా వేసుకున్నారు, 100 మంది వేసుకోలేదు. వేసుకున్నవాళ్లలో నూటికి ఇద్దరికి జబ్బు వస్తే 18 మంది. వేసుకోనివాళ్లలో నూటికి పది మందికి వస్తే 10 మంది. మొత్తం 28 మంది రోగుల్లో 18 మంది టీకా వేసుకున్నవాళ్లే! వార్త అబద్ధం కాదు. కానీ టీకా లేనివాళ్లకు ముప్పు ఐదు రెట్లు ఎక్కువ. రోగులను మాత్రమే లెక్కపెట్టి, వాళ్లు ఎంతమందిలోంచి వచ్చారో చెప్పకపోతే ఇలాగే తలకిందులవుతుంది.

టెస్టులో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా?

ఆ జబ్బు మీ చుట్టూ ఎంత ఉందో దాన్నిబట్టి ఉంటుంది. వెయ్యి మందిలో పది మందికి జబ్బు ఉందనుకోండి. టెస్టు ఆ పది మందిలో తొమ్మిది మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని వంద మందిలో ఐదుగురిని కూడా పొరపాటున పాజిటివ్ అంటుంది. లేనివాళ్లు 990 మంది కాబట్టి అలాంటివాళ్లు 50 మంది దాకా తేలుతారు. మొత్తం 59 పాజిటివ్‌లలో నిజమైనవి తొమ్మిదే. లక్షణాలు ఉండి టెస్టు చేయించుకున్నవాళ్లలో మాత్రం నిజమైన పాజిటివ్‌ల వాటా చాలా పెరుగుతుంది. అందుకే ఏ లక్షణమూ లేనప్పుడు వచ్చిన ఒక్క రిపోర్టు చూసి కుంగిపోవద్దు. రెండో టెస్టు అడగండి.

మొదట్లో మరణాల శాతం ఎక్కువ చెప్పి తర్వాత తగ్గిస్తారెందుకు?

మొదట ఆసుపత్రికి వచ్చేది జబ్బు ముదిరినవాళ్లే. స్వల్పంగా వచ్చి ఇంట్లోనే తగ్గినవాళ్లు లెక్కకు రారు. తర్వాత రక్తపరీక్షల సర్వేలతో వాళ్లూ తేలితే శాతం తగ్గుతుంది. ఒక్కోసారి దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. కేసులు వేగంగా పెరుగుతున్నప్పుడు, చివరికి చనిపోబోయేవాళ్లు ఇంకా చికిత్సలో ఉంటారు కాబట్టి శాతం తక్కువగా కనిపిస్తుంది.

నిపుణులు మాట మారుస్తుంటే ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్నలో ఉన్న బాధ నాకు అర్థమవుతుంది. 2020లో కోవిడ్ ముఖ్యంగా తుంపరల ద్వారా వ్యాపిస్తుందన్నారు, వస్తువులు తుడవమన్నారు. గాలిలో కూడా వ్యాపిస్తుందని గట్టిగా చెప్పడానికి ఆలస్యం చేశారు. నా ఉద్దేశంలో అక్కడ జరిగిన అసలు తప్పు, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం.

కానీ ఆధారాలు మారినప్పుడు మాట మారడం తప్పు కాదు, అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. క్షయ రోగులను శానటోరియం అనే ప్రత్యేక ఆసుపత్రిలో పెట్టి మంచి తిండి, విశ్రాంతి ఇవ్వాలని ఒకప్పుడు అందరూ నమ్మేవారు. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో కొందరు రోగులకు శానటోరియంలో, కొందరికి వాళ్ల ఇళ్లలోనే మందులిచ్చారు. ఇళ్లు ఇరుకు, తిండి అంతంతమాత్రం. అయినా ఇంట్లో ఉన్నవాళ్లు దాదాపు అంతే బాగా కోలుకున్నారు. వాళ్లవల్ల కుటుంబ సభ్యులకు అదనంగా అంటుకోలేదు కూడా. ఆ ఫలితంతో ప్రపంచమంతటా క్షయ చికిత్స ఇళ్లకు చేరింది. ఆశ పడ్డట్టు రాని ఫలితాలు కూడా అంతే ముఖ్యం. 1968లో చెంగల్పట్టులో రెండున్నర లక్షల మందికి పైగా చేరిన బీసీజీ అనే క్షయ టీకా ట్రయల్‌ను పదిహేనేళ్లు గమనిస్తే, పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. పసిపిల్లలకు వచ్చే మెదడు పొరల క్షయ లాంటి ప్రాణాంతక రూపాల నుంచి మాత్రం కాపాడుతుంది కాబట్టి వాళ్లకు ఇప్పటికీ వేస్తున్నారు.

పరిశోధన అంటే ఎప్పుడూ ఖరీదైన ల్యాబులూ కొత్త మందులేనా?

కానే కాదు. 1847లో వియన్నా ఆసుపత్రిలో డాక్టరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ రెండు కాన్పు వార్డులను పోల్చారు. వైద్య విద్యార్థులు చూసే వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోతున్నారు, మంత్రసానులు చూసే వార్డులో తక్కువ. విద్యార్థులు శవాలను కోసి నేరుగా కాన్పులకు వస్తున్నారని గమనించి, క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడగమన్నారు. ఆ ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు వేసవికల్లా రెండు శాతం దగ్గరికి దిగాయి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల పశ్చిమ బెంగాల్ శిబిరాల్లో కలరా చెలరేగింది. బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ సీసాలు అయిపోయాయి. గ్లూకోజు ఉంటే పేగు ఉప్పును, దానితోపాటు నీటిని పీల్చుకోగలదని అప్పటికే ల్యాబుల్లో తెలుసు. ఆయన ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఒక తల్లి గ్లాసుతో పట్టించగలిగిన మందు అది.

మశూచి పోయింది కదా, మిగతా జబ్బులు ఎందుకు పోవు?

మశూచి పూర్తిగా తొలగిపోయిందని 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది. కొన్ని విషయాలు అక్కడ కలిసొచ్చాయి. అది మనుషులకు తప్ప జంతువులకు రాదు. వచ్చినవాళ్ల ఒంటి మీద స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి రోగిని గుర్తించి, చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకా వేసి గొలుసు తెంపగలిగారు. టీకా వేడిని తట్టుకునేది. పోలియో సోకిన దాదాపు 200 మందిలో ఒకరికే పక్షవాతం వస్తుంది, మిగతావాళ్లు తెలియకుండానే వ్యాపింపజేస్తారు. అందుకే మురుగునీటిలో వెతుకుతారు. ధనుర్వాతం క్రిమి మట్టిలోనే ఉంటుంది, దాన్ని తుడిచేయడం అసాధ్యం. టీకా ఎప్పటికీ వేసుకోవాల్సిందే.

కొత్త జబ్బులు ఎక్కడినుంచి వస్తున్నాయి?

ఎక్కువగా జంతువుల నుంచి. 1998లో మలేసియాలో బయటపడ్డ నిపా వైరస్ పండ్లు తినే గబ్బిలాల నుంచి పందులకు, వాటి నుంచి మనుషులకు చేరింది. బంగ్లాదేశ్‌లో దారి వేరు. అక్కడ జనం పచ్చిగా తాగే ఈత రసం కోసం కట్టిన కుండల దగ్గర రాత్రిపూట కెమెరాలు పెడితే గబ్బిలాలు వచ్చి ఆ రసం నాకడం కనిపించింది. కుండ చుట్టూ వెదురు దడి కడితే అవి దరి చేరలేకపోయాయి.

ప్రమాదకరమైన క్రిములను ల్యాబుల్లో ఎందుకు ఉంచుతారు?

టెస్టులు, టీకాలు, మందులు తయారు చేయాలంటే క్రిమి చేతిలో ఉండాలి. ప్రమాదాన్ని బట్టి ల్యాబులకు నాలుగు స్థాయిల భద్రత ఉంటుంది. నాలుగో స్థాయిలో ఎబోలా, నిపా లాంటివాటి మీద పనిచేస్తారు. ముప్పు అసలే లేదని చెప్పడం నిజాయితీ కాదు. 1978లో బర్మింగ్‌హామ్‌లో మశూచి ల్యాబు ఉన్న భవనంలోనే పనిచేసే ఒక ఫొటోగ్రాఫర్‌కు జబ్బు సోకి ఆమె చనిపోయారు. మశూచితో చనిపోయిన చివరి మనిషి ఆమే. ఆ తర్వాత ప్రపంచంలోని నిల్వలను తగ్గిస్తూ వచ్చి రెండు ల్యాబులకే పరిమితం చేశారు. ఏ ల్యాబులో ఏం జరుగుతోందని జనం అడగడం, వాళ్లకు జవాబు చెప్పడం రెండూ అవసరమే.

జ్వరం రాగానే యాంటీబయాటిక్ వేసుకుంటే నష్టమేమిటి?

వైరస్ మీద అది పనిచేయదు. ఒంట్లో ఉన్న బాక్టీరియాలో లొంగనివాటిని మాత్రం మిగులుస్తుంది. చాలని మోతాదులో వాడితే క్రిములు మొండికేస్తాయని పెన్సిలిన్ కనుక్కున్న అలెగ్జాండర్ ఫ్లెమింగే 1945 నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించారు. 2019లో మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమై సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా.

సర్వేకి వచ్చినవాళ్లు ఇంట్లో విషయాలు అడుగుతున్నారు. చెప్పాలా?

ముందు వాళ్ల గుర్తింపు కార్డు చూడండి, మీ పేరు బయటపెట్టరని నిర్ధారించుకోండి. ఆ తర్వాత దాచకుండా చెప్పండి. మీకు జబ్బు రాకపోయినా చెప్పండి, మీరు కూడా ఆ లెక్కలో సగం. ఎప్పుడు మొదలైంది, ఎవరిని కలిశారు, ఏ నీళ్లు తాగారు అన్నవి మీకు చిన్న విషయాలుగా అనిపించవచ్చు.

బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లలోకి కలరా ఎలా చేరిందో స్నో కనుక్కోలేకపోయారు. హెన్రీ వైట్‌హెడ్ అనే స్థానిక మతగురువు, మొదట స్నో మాట నమ్మనివారు, అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి అడిగారు. పంపుకు ఆనుకుని ఉన్న 40వ నంబరు ఇంట్లో విరేచనాలతో పసిపాపను పోగొట్టుకున్న ఒక తల్లి, పాప గుడ్డలు నానబెట్టిన నీళ్లను ఇంటి ముందున్న మురుగు గుంతలో పోశానని చెప్పారు. తవ్వి చూస్తే ఆ గుంత ఇటుకలు పాడైపోయి ఉన్నాయి. పంపు కింది బావి అక్కడికి మూడడుగుల దూరం కూడా లేదు.